దవడలో పుల్ల

డానియల్‌కు గిట్టనివాళ్లెవరని ఎవరైనా అడిగితే కొత్తకోట ఓటర్ల జాబితా తీసి చేతిలో పెట్టొచ్చు. ఏడో తరగతితో బడి ఎగ్గొట్టి, లారీ క్లీనరుగా మొదలుపెట్టి, ఇరవై ఆరేళ్లుగా స్టీరింగు తిప్పుతున్న మనిషి. ఇప్పుడు యాభై ఒకటో ఏట, హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీకి బస్సు నడుపుతున్నాడు. తనకంటే ఎక్కువ చదివినవాళ్లంతా కాగితాల కోసం చదివిన దద్దమ్మలు. తక్కువ చదివినవాళ్లు ఆపాటి కాగితం కూడా సంపాదించుకోలేని దద్దమ్మలు. అతని దృష్టిలో మధ్యలో మిగిలిన మనిషి తనొక్కడే.

ఆ దద్దమ్మలందరిలోకీ గుట్కా నమిలేవాళ్లంటే మరీ హీనం. ఎందుకంటే పదిహేడేళ్లు తనూ నమిలాడు.

మూడేళ్ల కిందట, ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో, చర్చిలో ఎవరికి తోచింది వాళ్లు మానుకుంటున్నారు. కొందరు మాంసం మానారు, కొందరు సీరియళ్లు మానారు. డానియల్ గుట్కా మానాడు. మానాడు గానీ నోరు ఊరుకోలేదు. సంతలో మూలికలు అమ్మే ముసలాయన దగ్గర అతిమధురం పుల్లల కట్ట కొన్నాడు. పైన మట్టిరంగు తొక్క, లోపల పచ్చని పీచు, నమిలితే బెల్లాన్ని మించిన తీపి. ఒక పుల్ల దవడలో పెడితే గంటన్నర వచ్చేది. రసం అయిపోయాక పీచు ఉమ్మేసి ఇంకొకటి. రోజుకు అయిదారు. నలభై రోజులు గడిచాయి, గుట్కా మీద ధ్యాస పోయింది, పుల్ల మాత్రం దవడలోనే ఉండిపోయింది.

ఈస్టరు నాడు సాక్ష్యాల వేళ అతను లేచి నిలబడ్డాడు. సాక్ష్యమంటే, దేవుడు తనకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి పదిమందికీ చెప్పడం. జ్వరం తగ్గింది, బర్రె ఈనింది, కొడుకు పాసయ్యాడు, ఇట్లాంటివి. డానియల్‌కు ఆ సాక్ష్యాలంటే ఒళ్లు మంట. ఆ రోజు మాత్రం జేబులోంచి పుల్ల తీసి తలమీదికెత్తి చూపించాడు.

"పదిహేడేండ్లు నా నోట్లె సైతాను కూసున్నడు. గీ పుల్లతోని ఎల్లగొట్టిన. మీ మీ నోళ్లల్ల ఉన్నోన్ని మీరు ఎల్లగొట్టుకోర్రి. చేతగాకపోతే మీ కర్మ."

ఆమెన్ అన్నారు అందరూ. ఆ పై వారం నుంచి అయిదారుగురు పుల్ల పట్టారు. డానియల్ భార్య బిక్షమ్మ తల్లి జానమ్మ, యాభై ఏళ్లుగా పొగాకు పొడితో పళ్లు తోముకున్న మనిషి, ఆమె కూడా పొడి డబ్బీ పారేసి పుల్ల పట్టింది. ఆ ముసలమ్మ ఒకరి మాట విని ఒక పని చేయడం ఆ వాడలో ఎవరూ చూడలేదు. పాస్టరు ఇరవై ఏళ్ల ప్రసంగాలకు జరగనిది తన పుల్లతో జరిగిందని డానియల్ లోపల లోపల మురిసిపోయాడు.

ఈ ఏడు దసరా సెలవులు అయిపోయాక కాలేజీవాళ్లు డ్రైవర్లకు బీపీ చూపించారు. డానియల్‌కు నూట డెబ్బై ఆరు బై నూట ఎనిమిది వచ్చింది. పైగా చూస్తున్న కుర్ర డాక్టరు అతని దవడ ఉబ్బు చూసి, మిగతా డ్రైవర్లందరి ముందు, "అది ఉమ్మేసి రాపో, గుట్క తినేటోళ్లకు బీపీ రాక ఏమొస్తది" అన్నాడు. పక్కన నిలబడ్డ సునీల్ పకపకా నవ్వాడు. సునీల్ ఆ బస్సుకు అటెండరు. హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని డానియల్ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రెండేళ్లుగా కాచుకుని ఉన్నవాడు. నవ్వినప్పుడు అతని పళ్ల మీద నిజమైన గుట్కా ఎర్రగా మెరిసింది.

ఆ రోజు నుంచి ఏ డాక్టరు దగ్గరికి పోయినా డానియల్ గుమ్మం బయటే పుల్ల ఉమ్మేసి, బాటిలు నీళ్లతో మూడుసార్లు పుక్కిలించి గానీ లోపలికి పోలేదు. గుట్కాను జయించిన మనిషిని గుట్కా తినేటోడని ఇంకొక దద్దమ్మ అనడం అతను పడలేడు.

కాలేజీ ఆఫీసు లెక్క స్పష్టంగానే ఉంది. జనవరి ఆఖరుకు డానియల్ లైసెన్సు రెన్యువల్ ఉంది. దానికి డాక్టరు సంతకం కావాలి. సంతకం ఉంటే సీటు, లేకపోతే తాళంచెవి సునీల్‌కు.

బీపీ సంగతి బయటికి పొక్కినాక ఊరంతా ఒకటే మందు చెప్పడం మొదలుపెట్టింది. టెన్షన్ తీసుకోకు. పాలవాడు చెప్పాడు, కిరాణా కొట్టువాడు చెప్పాడు, జన్మలో ఒక పని సరిగా చేయక, టెన్షన్ అంటే ఏమిటో తెలియని బిక్షమ్మ తమ్ముడు చెప్పాడు. జానమ్మ అయితే అల్లుని కోపమే బీపీగా మారిందని తేల్చేసింది. వాడలో ఆర్ఎంపీ దామోదర్ కూడా అదే మాట చెప్పి, ఆ పైన గోళీలు ఇచ్చాడు. రెండో నెలలో ముల్లు ఇంకా పైకి పోతే డానియల్ అతని మీదికి పోయాడు.

"ఏదో మనసుల పెట్టుకున్నవే డానియల్. టెన్షన్ తీస్కుంటున్నవు."

"నేను తీస్కుంటలేను. ఎవలన్నా ఇస్తే గద తీస్కునేది."

"మరి ఎందుకు దిగుతలేదు?"

"అది నేను నిన్ను అడగాలె. బస్సుల ఎయిర్ గేజి ఉంటది దామోదర్. ముల్లు ఎర్రగీత దాటిందనుకో, మెకానిక్ ఏమంటడు? బస్సు మనసుల ఏదో పెట్టుకున్నదంటడా? యాడనో వాల్వు పట్టుకున్నదంటడు. నా ఒంట్ల ఏ వాల్వు పట్టుకున్నదో అది చెప్పు."

"మనిషి బస్సా?"

"నువ్వు డాక్టర్‌వా?"

దామోదర్ ఏమీ అనుకోలేదు. రోజుకు పదిమంది అనే మాటే. ఇంకో రంగు గోళీ, దాంతోపాటు ఒంట్లో నీళ్లు లాగేసే గోళీ ఒకటి చీటీలో చుట్టి ఇచ్చాడు.

నీళ్ల గోళీ వేసుకున్న మూడో వారం నుంచి డానియల్ తొడలు బరువెక్కాయి. మెట్లెక్కితే మోకాళ్లు వణికేవి. రాత్రి పిక్కలు పట్టేసేవి. వయసని ఒకరన్నారు, బలహీనతని ఒకరన్నారు, ఒకరు కోడికాళ్ల సూపు తాగమన్నారు. వాళ్లందరి మీదా కసితో డానియల్ రోజుకు ఇంకొక పుల్ల ఎక్కువ నమిలాడు. తన ఒంట్లో శుద్ధంగా ఉన్న అలవాటు అదొక్కటే కదా.

డిసెంబరు రెండో వారంలో, ఉదయం ఎనిమిదింటికి, హైవే దాటే చోట, బస్సులో నలభై ఇద్దరు పిల్లలుండగా, కుడికాలు బ్రేకు మీదికి పోలేదు.

పోయింది గానీ, తొక్కలేదు. ఎవరిదో కాలు తెచ్చి తన నడుముకు కట్టినట్టు అయింది. బెంగళూరు వైపు నుంచి కంటైనరు లారీ వస్తోంది. డానియల్ చేత్తో హ్యాండ్ బ్రేకు లాగాడు. బస్సు కుదిపి నిలబడింది. లారీ హారను కొట్టుకుంటూ ముక్కు ముందు నుంచి పోయింది. వెనక పిల్లలు ఓ అని అరిచి, ఏమీ కాలేదని తెలిసి, నవ్వి, మళ్లీ ఫోన్లలో తలలు పెట్టారు.

సునీల్ మాత్రం అతని కాలు వైపు చూస్తున్నాడు.

"అన్నా, కాలు లేవలే గద."

"కుక్క అడ్డమొచ్చింది."

"కుక్క యాడున్నది?"

"పొయ్యింది. నిన్ను అడిగి పోవాల్నా?"

డానియల్ కాలేజీ దాకా మొదటి గేరులో, అరచేతిని హ్యాండ్ బ్రేకు మీదే పెట్టుకుని పోయాడు. పిల్లలు దిగాక తాళంచెవి తీసి సునీల్ వైపు విసిరి, సాయంత్రం నువ్వే తీస్కపో అని, ఆఫీసులో చెప్పకుండానే నడిచి రోడ్డెక్కాడు. అతనికి మనుషులంటే చులకనే. వెనక కూర్చున్న నలభై ఇద్దరి తల్లులంటే మాత్రం భయం. ఇంటికి పోకుండా అట్లే పాలమూరు బస్సెక్కి పెద్దదవాఖానకు పోయాడు.

అక్కడ డాక్టరు శ్రీదేవికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కొల్లాపూర్ దగ్గరి పిల్ల. మెడలో స్టెతస్కోపు లేకపోతే తన బస్సులో మూడో వరసలో కూర్చునే ఆడపిల్లల్లో ఒకతె అనుకునేవాడు డానియల్. ఈ పిల్ల కూడా టెన్షన్ అనే అంటుందని, అనగానే లేచిపోవచ్చని చూస్తూ కూర్చున్నాడు. ఆమె అనలేదు. కాళ్లు ఎత్తమంది, తొయ్యమంది, ఈసీజీ తీయించింది, రక్తం తీయించింది. గంటలో రిపోర్టు చూసి మొహం మార్చి, "పొటాషియం రెండు పాయింట్ ఆరు. మీరు ఇంటికి పోయేది లేదు, అడ్మిట్ కావాలె" అంది.

"బీపీ చూడమంటే పొటాషియం అంటరేంది?"

"ఆ రెండు ఒక్కకాడనే ఉన్నయనిపిస్తాంది. ఏందో ఇంక తెల్వదు."

తెలియదన్న డాక్టరును డానియల్ మొదటిసారి చూశాడు. అందుకే తన ప్రశ్న ఈమె ముందు కూడా పెట్టాడు. బస్సు, గేజీ, ఎర్రగీత, వాల్వు. ఆమె నవ్వలేదు.

"మంచిగ అడిగిన్రు. కిడ్నీ అంటే ఉచ్చ తయారుచేసే మిషిని అనుకుంటరు అందరు. ఒంట్ల గేజి కూడ అదే. రక్తం జోరు తగ్గినట్టు తోస్తే రెనిన్ అనేదొకటి వదుల్తది. దాంతోని రక్తనాళాలు బిగుసుకుంటయి. కిడ్నీ మీద టోపీ పెట్టినట్టు ఒక గ్రంథి ఉంటది. అది ఆల్డోస్టిరాన్ అనే హార్మోను పంపిస్తది. ఆ హార్మోను తెచ్చే ఆర్డరు ఒకటే. ఉప్పును బయటికి పోనియ్యకు, పొటాషియంను పంపించు. ఉప్పు ఉన్నకాడ నీళ్లుంటయి. నీళ్లు నిండితే జోరు పెరుగుతది. సరిపోయిందనుకోంగనే కిడ్నీ రెనిన్ ఆపేస్తది. ఆర్డర్లు బందైతయి."

"గవర్నర్ వాల్వు," అన్నాడు డానియల్.

"ఏంది?"

"ట్యాంకు నిండంగనే కంప్రెషర్‌ను ఆపేది. పుస్సుమంటది."

"అట్లనే అనుకోర్రి. మీ పొటాషియం చూస్తే ఎవరో ఆర్డరు మీద ఆర్డరు ఏస్తనే ఉన్నట్టుంది. ఆ నీళ్ల గోళీ ఇంకింత లాగేసింది, దాన్ని ఆపేస్తున్న. ఆ హార్మోన్లు ఎంతెంత ఉన్నయో చూడనీకి రక్తం హైదరాబాదుకు పంపుత."

మంచం మీద పడుకుని డానియల్ ఆ మాటలు మూడుసార్లు తిప్పుకున్నాడు. మెకానిక్ మాట్లాడినట్టు మాట్లాడింది పిల్ల. అయినా ఎవరినీ ఊరికే మెచ్చుకునే అలవాటు లేదు కాబట్టి, చూద్దాం, రిపేరు చేసినప్పుడు చూద్దాం అనుకున్నాడు.

మూడు రోజులు సెలైను ఎక్కించారు. పొటాషియం సిరప్పు తాగించారు, నోరంతా తుప్పు నీళ్లు పోసినట్టు. అంత చేసినా రెండు పాయింట్ తొమ్మిది దాటలేదు. బీపీ నూట డెబ్బై దగ్గరే బిగుసుకుని ఉంది. శ్రీదేవి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి కాగితాలు తిరగేసి, ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, నాటుమందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏం లేదన్నాడు డానియల్. అబద్ధం చెప్పలేదు. అతిమధురం మందెట్లా అవుతుంది, అది గుట్కాకు బదులు నమిలేది కదా.

సిరప్పు రుచి పోవడానికి, బిక్షమ్మ బట్టలతో పాటు తెచ్చిన కట్టలోంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు పుల్లలు బాత్రూములో నిలబడి హడావిడిగా నమిలేవాడు. వార్డులో నమిలితే మళ్లీ ఎవడో గుట్కా అంటాడు. పీచు మోరీలో ఉమ్మేవాడు.

నాలుగో రోజు బాత్రూము తలుపు తీసేసరికి ఎదురుగా చీపురు పట్టుకుని సోమమ్మ నిలబడి ఉంది. వార్డు ఊడ్చే మనిషి. అరవై ఏళ్లు పైబడ్డా గొంతు మాత్రం హైవే హారను.

"ఏం పెద్దమనిషీ, లోపటికి ఎన్ని పాకిట్లు తెచ్చినవు?"

"ఏం పాకిట్లు?"

"గుట్క పాకిట్లు. మూడు దినాలసంది మోరిల పీచు తీసి తీసి నడుములు పొయినయి. గీ వార్డుల పన్నెండు మంది ఉంటే పదకొండు మంది మంచం దిగలేరు. దిగేటోనివి నువ్వొక్కనివే."

"నోరు జాగ్రత్త. నేను గుట్క ఇడిసి మూడేండ్లయింది."

"గట్లనే అంటరు. మా ఆయన గూడ ఇడిసిన ఇడిసిన అనుకుంటనే సచ్చిండు."

పదకొండు మంచాల మీది తలకాయలు ఇటు తిరిగాయి. డానియల్‌కు చెవులు వేడెక్కాయి. లుంగీ మడతలోంచి మిగిలిన పుల్లలు తీసి ఆమె మొహం ముందు ఆడించాడు.

"ఇది గుట్కనా? కండ్లున్నయా? అతిమధురం. నీ అసుంటిది పుట్టకముందునుంచి వైద్యుల కాడ ఉన్న చెట్టు ఇది."

"నాకేం చూపిస్తవు. నేను చదువుకున్నదాన్నా? డాక్టరమ్మకు చూపియ్యి."

"చూపిస్త. నాకేం భయమా?"

సెలైను సూది చేతికి అట్లే ఉండగా కారిడారు పొడుగూ నడిచి, తొడలు వణుకుతుంటే గోడ పట్టుకుంటూ, డాక్టరు గదిలోకి పోయి పుల్లల కట్టను బల్ల మీద పెట్టాడు. సోమమ్మ చీపురుతో సహా వెనకాలే వచ్చింది.

"చెప్పు మేడం ఈమెకు. ఇది గుట్క కాదని చెప్పు. అందరు నన్నే అంటున్నరు."

శ్రీదేవి బల్ల మీద అప్పుడే తెరిచిన హైదరాబాదు రిపోర్టు ఉంది. ఆమె దాన్ని చూసి, పుల్లల్ని చూసింది. ఒకటి తీసి వాసన చూసింది.

"రోజుకు ఎన్ని?"

"ఆరు. ఏడు కూడ. ఒక్కనాడు తప్పలేదు, మూడేండ్లు."

"నాటుమందులు వాడుతున్నరా అని మూడుసార్లు అడిగిన."

"ఇది మందు కాదు గద. నోట్లె ఏస్కునేది."

ఆమె కుర్చీ చూపించింది. డానియల్ కూర్చున్నాడు. సోమమ్మ గుమ్మానికి ఆనుకుంది, పొమ్మన్నా పోయేట్టు లేదు.

"రిపోర్టుల మీ రెనిన్ దాదాపు లేదు. ఆల్డోస్టిరాన్ లేదు. అంటే గవర్నర్ వాల్వు మంచిగనే ఉన్నది. ట్యాంకు నిండిందని దానికి తెలిసింది, ఆర్డర్లు బంద్ జేసింది. అయినా కిడ్నీ ఉప్పును పట్టుకునే ఉన్నది. ఎవరు చెప్తే పట్టుకున్నదో నాకు సమజ్ కాలేదు. ఇగో, గీ పుల్ల చెప్పింది."

"పుల్ల చెప్పుడేంది?"

"కార్టిసాల్ అని ఇంకో హార్మోను ఒంట్ల మస్తుగ ఉంటది. ఆల్డోస్టిరాన్ కూసునే సీటు దానికి కూడ సరిపోతది. అది ఎక్కకుంట కిడ్నీ డోరు కాడ ఒక ఎంజైము నిలవడి, వచ్చినదాన్ని వచ్చినట్టు పనికిరాకుంట చేస్తది. అతిమధురంల ఉన్న సరుకు ఆ ఎంజైమును పండవెడ్తది. ఇంక డోరు కాడ ఎవరు లేరు. కార్టిసాల్ ఎక్కి కూసుంటది. కిడ్నీ దాన్ని చూసి ఆర్డరు వచ్చిందనుకుంటది."

డానియల్ బల్ల మీది కట్టలోంచి ఒక పుల్ల తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"పాసు లేనోడు ఎక్కి రైట్ రైట్ అంటున్నడు," అన్నాడు.

"బండి పోతనే ఉన్నది."

"అంటే వాల్వు నేనే పట్టుకున్న."

"దగ్గుకు నాలుగు రోజులు వాడితే ఎవరికీ ఏం కాకపోవచ్చు. మీరు మూడేండ్లు గ్యాపు లేకుంట ఎక్కించిన్రు."

గుమ్మం దగ్గర సోమమ్మ చీపురు రెండో చేతికి మార్చుకుంది. "అయితే గుట్క కాదన్నట్టు," అంది, ఎక్కువ బాధపడకుండా.

ఆ రాత్రి డానియల్ మంచం మీద వెల్లకిలా పడుకుని, అలవాటు కొద్దీ ఎవరిని తిట్టుకోవాలా అని వెతికాడు. దామోదర్ ఉన్నాడు. మూలికల ముసలాయన ఉన్నాడు. గుట్కా అన్న కుర్ర డాక్టరు ఉన్నాడు. ఒక్కొక్కరిని దగ్గరికి తెచ్చుకుని చూసి వదిలేశాడు. ప్రతి గుమ్మం బయటా పుక్కిలించిన నోరు తనది. ఏ గేజీ ముందు నిలబడి వాల్వు ఏదని అరిచాడో, ఆ వాల్వును ప్రతిసారీ గేటు బయట ఉమ్మేసి లోపలికి పోయింది తనే. అంతటి దద్దమ్మ కొత్తకోటలో ఇంకొకడు దొరకలేదు.

ఇంటికి వచ్చాక పుల్లలు పొయ్యిలో పెట్టాడు. పొటాషియం నెమ్మదిగా ఎక్కింది, తొడల్లోకి తన కాళ్లు తిరిగొచ్చాయి. బీపీ అంత తొందరగా దిగలేదు. శ్రీదేవి ఒక్క గోళీ ఉంచి, అది కూడా నన్నడగకుండా మానొద్దని చెప్పింది, వారం వారం రమ్మంది. కాలేజీవాళ్లు కనికరించి అటెండరు పని ఇచ్చారు. సునీల్ స్టీరింగు ముందు కూర్చున్నాడు, డానియల్ డోరు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించాడు. సునీల్ గేరు మార్చినప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టు ఉండేది.

"ఎట్లున్నదన్నా నా డ్రైవింగు?"

"బర్రెను కట్టి దున్నినట్టున్నది."

నూట అరవై నాలుగు. నూట యాభై రెండు. నూట నలభై నాలుగు. జనవరి ఇరవై ఆరు దాటిన మర్నాడు, నూట ముప్పై ఆరు బై ఎనభై ఆరు. శ్రీదేవి కాగితం మీద సంతకం పెట్టింది. డానియల్ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి తీసుకొచ్చాడు, మడత పడకుండా ఉండటానికి, అంతకుమించి భక్తి ఏమీ లేదు.

ఇంట్లో ఆ సంబరం ఇంకో దారి పట్టింది. బిక్షమ్మ మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది. పాస్టరు రెండుసార్లు ఇంటికొచ్చి తలమీద చేయిపెట్టి ప్రార్థన చేశాడు. కాబట్టి బీపీ దిగింది ప్రార్థనకే అని వాడంతా తీర్మానించుకుంది.

"ఆదివారం సాక్ష్యం చెప్పాలెనంట. పాస్టరయ్య అన్నడు," అంది బిక్షమ్మ. "దేవునికి స్తోత్రం అని రెండు ముక్కలు చెప్పి కూసో. ఎవల్ని తిట్టకు."

రెండు ముక్కలు. చెప్పి కూర్చుంటే పోతుంది. సీటు వచ్చేసింది, కాగితం ఉంది, అసలు సంగతి శ్రీదేవికీ సోమమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. అదే చర్చిలో సునీల్ ఆఖరి బెంచీ మీద కూర్చుంటాడు. పుల్ల సంగతి తెలిస్తే వాడు బతికినంతకాలం నవ్వుతాడు.

ఆ గురువారమే డానియల్ కంటికి జానమ్మ పాదాలు కనిపించాయి. రోజూ ఉండే పాదాలే. రొట్టె పిండిలా ఉబ్బి, చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి. సంక్రాంతి ముందు ఆమె వాకిట్లో రెండుసార్లు పడింది. కాళ్లల్ల బలం లేదు, ముసలితనం అన్నారు అందరూ. అందరిలో డానియల్ కూడా అన్నాడు. ఆమె దవడ ఇప్పుడు మెల్లగా కదులుతోంది.

"అత్తా, అది ఉమ్మెయ్యి."

"ఏంది?"

"ఆ పుల్ల. అది మంచిది కాదు. బీపీ ఎక్కుతది, కాళ్లు పడిపోతయి. నాకు దాంతోనే అయింది."

జానమ్మ అల్లుని వైపు ఎగాదిగా చూసింది.

"చర్చిల చెప్పినవు గద, దేవుని ముంగట, చెయ్యెత్తి. సైతానును ఎల్లగొట్టిన అని. నేను యాభై ఏండ్ల పొడి డబ్బీ పారేస్తి నీ మాటకు. ఇప్పుడు పొయ్యికాడ కూసొని కాదంటవా?"

"కాదు కాబట్టి కాదంటున్న."

"పొయ్యికాడ మాట పొయ్యికాడనే. గాడ చెప్పింది గాడనే తీసెయ్యాలె. అప్పటిదాంక నేను ఇడువ."

దవడ మళ్లీ కదిలింది. ఆ ముసలిదాన్ని డానియల్ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఒప్పించలేదు, ఆ పుల్ల విషయంలో తప్ప.

ఆదివారం సాక్ష్యాల వేళ పాస్టరు పేరు పిలిచాక డానియల్ లేచాడు. ఆఖరి బెంచీలో సునీల్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బిక్షమ్మ కళ్లతోనే రెండు ముక్కలు, రెండు ముక్కలు అంటోంది.

"నా బీపీ తగ్గింది," అన్నాడు డానియల్. కొందరు అప్పుడే ఆమెన్ అన్నారు. "ఆగుర్రి, తొందరేంది. ప్రార్థన చేసిన్రు, కాదంటలేను. కానీ నేను రోజు పొద్దున లేసి విషం నములుకుంట ఉంటే ఆయన మాత్రం ఏం జేస్తడు. మూడేండ్ల కింద ఇదే జాగల నిలవడి పుల్ల ఎత్తి చూపిచ్చిన. ఆ పుల్లతోనే నాకు బీపీ వచ్చింది. దాంతోనే కాళ్లు పొయినయి. బస్సుల నలభై రెండు మంది పిల్లలుండంగ బ్రేకు తొక్కలేక, చేత్తోని ఆపిన. కుక్క అడ్డమొచ్చిందని అబద్ధం చెప్పిన. కుక్క లేదు."

సునీల్ కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు.

"పెద్ద చదువుకున్నోని లెక్క మీకు చెప్పిన. మీరు విన్నరు. చెప్పినోడు దద్దమ్మ, విన్నోళ్లు అంతకంటె పెద్ద దద్దమ్మలు. ఎవరెవరి నోట్లె ఉన్నదో ఇప్పుడే ఉమ్మెయ్యిర్రి. రేపు పొద్దున పోయి బీపీ చూపిచ్చుకోర్రి. డాక్టరు అడిగితే పుల్ల తిన్నమని చెప్పుర్రి. నా లెక్క పుక్కిలించుకొని పోకుర్రి."

ముందుగా ఆడవాళ్ల వైపు మూడో వరసలో జానమ్మ వేళ్లు నోట్లో పెట్టి, నలిగిన పుల్లను తీసి, కొంగు చివర మూట కట్టుకుంది. అది చూసి మగవాళ్ల వైపు ఒక రుమాలు నోటి దగ్గరికి పోయింది. ఇంకొకటి. నాలుగు లెక్కపెట్టాడు డానియల్. తనకు తెలియనివి కూడా రెండున్నాయి.

"ఇంగ ఏం నమలాలె అల్లుడా?" అంది జానమ్మ, అందరికీ వినబడేట్టు.

"ఏం నమలకు. ఉత్త నోరు మూస్కొని కూసో, ఒక్కపారి ఎట్లుంటదో చూడు."

జనం నవ్వారు. పాస్టరు పాట ఎత్తుకున్నాడు, అంతకంటే చేసేది లేక.

బయట సునీల్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కాచుకుని ఉన్నాడు. సీటు మళ్లీ డానియల్‌కే ఇస్తున్నారన్న ఆఫీసు మాట అతనికి శనివారమే తెలిసింది. చెవి డానియల్ చేతిలో పెడుతూ, దవడలోని సరుకును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తోసుకున్నాడు.

"ఎటు తిరిగి గుట్కనే నయమన్నట్టు గదన్నా?"

"దాంతోని నోరు కుళ్లుతది, బీపీ గూడ వస్తది. నీకు రెండు వస్తయి, నువ్వు రంది పడకు."

"మరి కుక్క లేదా ఆ రోజు?"

"ఉండె. నా సీట్లనే కూసోని ఉండె."

సునీల్ నవ్వబోయి, నవ్వాలో వద్దో తెలియక, పక్కకు ఉమ్మేశాడు.

సోమవారం పొద్దున డానియల్ ఇంజను స్టార్ట్ చేసి, కుడికాలు బ్రేకు మీద పెట్టి మూడుసార్లు గట్టిగా తొక్కి చూశాడు. గేజీ ముల్లు మెల్లగా పైకెక్కి, ఎక్కాల్సినంత ఎక్కి, పుస్సుమని ఆగింది. నాలుక అలవాటుగా దవడ వైపు పోయింది. అక్కడేమీ లేదు. తీపి మాత్రం ఇంకా ఉన్నట్టే అనిపించింది, దొంగముండది. గేరు వేశాడు.